అక్క కాలి బరువు

ఎముకల డాక్టరు ఆపరేషన్ థియేటర్‌లోకి తొంగి చూసినవాళ్లు ఒకటే మాట అంటారు, అచ్చం వడ్రంగి షెడ్డులా ఉందని. సుత్తి, రంపం, ఉలి, డ్రిల్లు, స్క్రూలు. మిగతా డాక్టర్ల చేతిలో మందుంటే వీళ్ల చేతిలో పనిముట్టు ఉంటుంది. అందుకేనేమో, కొత్త వస్తువులు తయారుచేసే పిచ్చి వీళ్లలో కాస్త ఎక్కువ.

విజయవాడ సూర్యారావుపేటలో సాయంత్రం పూట ఓ అరగంట నిలబడండి. కాలి చుట్టూ ఉక్కు రింగులు, వాటిలోంచి ఎముకలోకి దిగిన సన్నటి తీగలు, చేతిలో వాకరు... ఇలాంటి మనిషి ఒక్కరైనా కనిపిస్తారు. "రింగులేశారండీ" అని చెప్తారు. ఆ రింగుల్ని కనిపెట్టింది ఇలిజరోవ్ అనే డాక్టరు, 1950ల్లో, సైబీరియాలోని కుర్గాన్ అనే ఊళ్లో. మొదట్లో సైకిల్ చువ్వలు వాడాడంటారు. ఎముకను కోసి, రోజుకో మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తూ పోతే మధ్యలో కొత్త ఎముక పుడుతుందని చూపించాడు. పెద్ద పెద్ద దేశాల డాక్టర్లకు ఆ సంగతి 1980లు వస్తేగానీ బాగా తెలియలేదు.

ఇవన్నీ నేనెందుకు చదివానంటే, మా అక్క వల్ల.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద. రెండేళ్ల వయసులో జ్వరమొచ్చి కుడికాలు చచ్చుబడింది. పోలియో చుక్కలు మా పామర్రు పక్క పల్లెలకి రాని రోజులవి. తొడ కండలో బలం లేకపోతే అడుగేసినప్పుడు మోకాలు ఒంటి బరువు ఆపలేక ముందుకి మడిచిపోతుంది. అలా మడిచిపోకుండా అక్క కుడిచేత్తో తొడని నొక్కిపట్టుకుని నడిచేది. ఆవిడ పరికిణీలన్నీ ముందు ఆ చెయ్యి పడే చోటే వెలిసిపోయేవి.

పదో ఏట పట్నం తీసుకెళ్లి కాలిపర్ వేయించారు. ఊళ్లో అందరూ ఇనప బూటు అనేవాళ్లు. రెండు పక్కలా ఇనప కడ్డీలు, మోకాలి దగ్గర గొళ్లెం, తొడకీ పిక్కకీ తోలు పట్టీలు, కింద బూటు. నాన్న దాన్ని కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూశాడు. మూడు కిలోల పైనే తూగింది. బలం లేని కాలికి మూడు కిలోల ఇనుము!

బరువొక్కటే అయితే ఓర్చుకునేదేమో. బూటు, కడ్డీలు ఒకటే ముక్క. బూటు విప్పాలంటే మొత్తం విప్పాలి. గుడి మెట్లెక్కాలన్నా, వంటింట్లోకి రావాలన్నా అదే తంతు. పెళ్లిళ్లలో బంతి భోజనానికి కూర్చోవాలంటే గొళ్లెం తియ్యాలి, కాలు చాపుకోవాలి, పక్కవాళ్లు జరగాలి. వానాకాలం కాలవ గట్టు మీద బురదలో బూటు దిగబడితే ఇద్దరం లాగితేగానీ వచ్చేది కాదు. ఏడో తరగతి తర్వాత హైస్కూలు కాలవ అవతల. అక్క చదువు అక్కడితో ఆగింది. బూటు అటకెక్కింది. ఆస్పత్రి కాగితాల ప్రకారం మాత్రం వైద్యం పూర్తయింది.

పెళ్లయ్యాక అక్క విజయవాడ వచ్చింది. బావది ఆటోనగర్‌లో లేత్ పని. ఒకసారి మా ఊరొచ్చినప్పుడు అటక మీద బూటు దింపి, చేత్తో ఎత్తి చూసి, "ఇంత బరువు ఎట్లా మోశావే?" అన్నాడట. అన్నేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన. ఇనప కడ్డీలు పీకేసి అల్యూమినియం ముక్కలు కోసి బిగించాడు. బూటు విడిగా ఊడొచ్చేలా మడమ దగ్గర చిన్న గొట్టాలు పెట్టాడు. బరువు సగానికి దిగింది. అక్క మురిసిపోయింది.

రెండు నెలలకి మోకాలి దగ్గర కడ్డీ వంగిపోయింది. మళ్లీ చేశాడు, మళ్లీ వంగింది. బావకి లోహం తెలుసు. నడిచేటప్పుడు ఒంటి బరువు ఎక్కడ పడుతుందో, ఏ కోణంలో పడుతుందో తెలియదు. ఆ లెక్క తెలిసిన డాక్టర్లు అదే ఊళ్లో ఉన్నారు. కానీ ఆటోనగర్ మేస్త్రీ వెళ్లి డాక్టరు గారి ముందు కూర్చుని "అయ్యా, దీన్నిలా చేద్దామా" అని అడిగే రోజులు కావవి. ఇప్పుడు మాత్రం ఉన్నాయా?

ఆ ఇద్దరూ ఒకచోట కలిస్తే ఏమవుతుందో హైదరాబాద్‌లో తేలింది. ఈ సంగతి అబ్దుల్ కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు. అగ్ని క్షిపణి కోసం ఆయన బృందం చాలా తేలికైన పదార్థం తయారుచేసింది. నిమ్స్ నుంచి ఒక ఎముకల డాక్టరు ఆ ప్రయోగశాల చూడ్డానికి వెళ్లి, ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. అంతే, కలాం గారిని తన ఆస్పత్రికి తీసుకెళ్లి పిల్లల్ని చూపించారు. మూడు కిలోల పైన బరువున్న ఇనప కాలిపర్లతో కాళ్లీడ్చుకుంటున్న పిల్లలు. మూడు వారాల్లో మూడు వందల గ్రాముల కాలిపర్ తయారైంది. అది తొడుక్కుని తిరుగుతున్న పిల్లల్ని చూసి తల్లిదండ్రులు కన్నీళ్లు పెట్టుకున్నారట. తన జీవితంలో పెద్ద ఆనందాల్లో దాన్నీ ఒకటిగా చెప్పుకున్నారు కలాం.

అందులో గొప్ప పదార్థం ఒక్కటే కాదు. దాన్ని ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ అంటారు. అడుగేసినప్పుడు నేల తిరిగి పాదాన్ని నెడుతుంది కదా. ఆ నెట్టుడుని పాదం కింది పలక నుంచి మోకాలి కింద, ముందువైపున్న పట్టీ దాకా తీసుకొస్తుంది. అది మోకాలిని వెనక్కి నొక్కి తిన్నగా నిలబెడుతుంది. తొడ దాకా కడ్డీలు అక్కర్లేదు. మా అక్క చెయ్యి అన్నేళ్లు చేసిన పని అదే!

ఆ కబురు చదివి అక్కని ఒక డాక్టరుకి చూపించాం. ఆయన మోకాలు పట్టుకుని చాపి చూశారు. పూర్తిగా రాలేదు. ఏళ్ల తరబడి ఆసరా లేక కాస్త వంగి బిగుసుకుపోయింది. మోకాలు తిన్నగా రాకపోతే ఈ పరికరం పనిచెయ్యదని ఓపిగ్గా చెప్పారు. అక్క బయటికొచ్చి, "పిల్లలకి వచ్చిందిగా, చాల్లేరా" అంది. నాకు మాత్రం చాలనిపించలేదు. ఆ బరువు సంగతి పాతికేళ్ల ముందే ఎవరైనా పట్టించుకుని ఉంటే, అని ఇప్పటికీ అనిపిస్తుంది.

జైపూర్ పాదం కథ కూడా ఇలాంటిదే. విదేశీ పాదానికి బూటు తప్పనిసరి. తడిస్తే పాడవుతుంది, గొంతుక్కూర్చోనివ్వదు. జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేఠీ ఆ ఇబ్బంది గమనించారు. పెద్దగా చదువుకోని శిల్పి రామచంద్ర శర్మ, టైర్లు రీట్రేడింగ్ చేసే కొట్లో రబ్బరు చూసి దారి కనిపెట్టారు. 1960ల చివర్లో ఇద్దరూ కలిసి చేసిన ఆ పాదానికి బూటు అక్కర్లేదు, నీళ్లంటే భయం లేదు. 1981లో మెగసెసే అవార్డు డాక్టరు గారికి వచ్చింది. చెయ్యి కలిపిన మేస్త్రీకి రాలేదు.

మా వీధిలో ఒక బాబాయి దమ్ము చేస్తూ జారి ట్రాక్టర్ దమ్ము చక్రాల కింద పడ్డాడు. మోకాలి కింద కాలు తీసేశారు. మొదట పెట్టిన కాలుతో అరుగు దిగేవాడు కాదు. తర్వాత ఒక శిబిరంలో జైపూర్ కాలు పెట్టించుకుని, ఆ ఏడే సార్వాకి వట్టి కాళ్లతో చేలో దిగాడు. డెల్టా రైతుకి నడక అంటే రోడ్డు మీద నడక కాదు, బురదలో నడక.

విరిగాక అతకడం ఒక పని, విరక్కుండా చూడటం ఇంకో పని. మోటార్ సైకిల్ వెనక చక్రానికి ఉండే చీర గార్డు చూడండి. నాలుగు ఇనప పుల్లలు. 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ఆ రక్షణ ఉండాలని చెప్తుంది. చున్నీ, చీర కొంగు చక్రంలో చుట్టుకోకుండా కాపాడేది అదే. బందరు రోడ్డు మీద అందం కోసం అది పీకేసిన బండ్లు ఎన్నో! అది లేనందువల్ల ఏమవుతుందో రాత్రి డ్యూటీలో ఉన్న ఎముకల డాక్టరుని అడగండి. ఎక్కడ, ఎలా, ఎందుకు విరుగుతున్నాయో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. 2014లో పోలియో లేని దేశమయ్యాం. అక్కలాంటి పిల్లలు ఇక పుట్టరు. కానీ రోడ్డు ప్రమాదాలున్నాయి, షుగరు వల్ల పాదాలు పోగొట్టుకునేవాళ్లున్నారు. ఒకే ఊళ్లో ఒకవైపు ఎముకల ఆస్పత్రులు, ఇంకోవైపు ఏ ముక్కనైనా చెక్కగల ఆటోనగర్ చేతులు. మధ్యలో ఉన్నది ఆటో దూరమే.

మన వంతుగా చెయ్యగలిగింది కూడా ఒకటుంది. ఎక్కడ నొప్పి అని డాక్టరు గారు అడుగుతారు, చెప్తాం. అక్కడ ఆగకుండా ఇంట్లో కింద కూర్చుంటామని, గుడికి వెళ్తామని, చేలో దిగుతామని, ఇచ్చిన పట్టీ బరువుగా ఉందని కూడా చెప్పాలి. మనం చెప్పకపోతే ఆ బరువు కాగితాల్లోకి ఎక్కదు.