రికార్డ్ ప్లేయర్ కింద ఏం పెట్టాలి?

పాటల పిచ్చి ఉన్న సాఫ్ట్‌వేర్ వాళ్ళకి జీతం కాస్త పెరగ్గానే పట్టుకునే జబ్బుల్లో హై-ఫై ఒకటి. ముందు ఆంప్లిఫయర్, తర్వాత స్పీకర్లు, ఆ తర్వాత నాన్నగారో మామగారో దాచిన ఎల్పీల కోసం ఒక టర్న్‌టేబుల్. ఇవన్నీ ఇంటికొచ్చాక మొదలవుతుంది అసలు ప్రశ్న.. వీటిని దేని మీద పెట్టాలి?

నవ్వకండి. ఈ ప్రశ్న చుట్టూ పెద్ద వ్యాపారమే నడుస్తోంది. ఆమధ్య ఒక షోరూంలో నాలుగు అరల రాక్ చూపించి లక్షా పదివేలు చెప్పారు. దాని మీద పెడితే ఆంప్లిఫయర్ "ఊపిరి పీల్చుకుంటుంది"ట, గాయకుడు మన హాల్లోకి వచ్చేస్తాడట. ఘంటసాల గారు మా ఇంటికి రావడానికి లక్షా పదివేల బల్ల అడుగుతారని నేననుకోను :-)

అలాగని ఇదంతా బూటకమని కొట్టిపారేసే వాళ్ళతోనూ నాకు పేచీయే. రాక్ వల్ల తేడా ఉంటుందా ఉండదా అని అడిగితే జవాబు రాదు. ఏ వస్తువు కింద అని అడగాలి.

టర్న్‌టేబుల్‌ని నేను ఎలక్ట్రానిక్ వస్తువుగా లెక్కేయను. అది కదలికని పట్టుకునే యంత్రం. రికార్డు గాడి గోడల్లో ఉన్న వంపుల్ని సూది తడుముకుంటూ పోతుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కదా, మెల్లగా పాడే చోట ఈ వంపులు ఒక్క మైక్రాన్ కూడా ఉండవు. గాడి కదిలిందో, కింద బల్ల కదిలిందో సూదికి తెలియదు. రెండిటినీ కలిపి ఆంప్లిఫయర్‌కి పంపేస్తుంది. మరి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌లో కదిలేదేముంది? వాల్యూమ్ నాబ్. (వాల్వుల ఆంప్లిఫయర్ సంగతి వేరు. వాల్వుని పెన్సిల్‌తో తడితే స్పీకర్లో టింగుమంటుంది.) అయినా అనుమానం ఎందుకని, మా బావమరిది చేత ఆంప్లిఫయర్ కింద గ్రానైట్ పలక పెట్టించీ తీయించీ, నేను అటు తిరిగి కూర్చుని పదిసార్లు చెప్పాను. ఐదు కరెక్ట్. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. తొమ్మిదోసారికే వాడు విసుక్కున్నాడు పాపం.

మా ఇంట్లో అసలు తంటా ఇది. నిజాంపేటలో మేం కొన్న ఫ్లాట్‌లో, అంతకుముందు ఉన్నవాళ్ళు చేయించుకున్న పొడుగాటి ప్లైవుడ్ టీవీ యూనిట్ ఉంది. హాల్లో వేరే చోటు లేదు కాబట్టి స్పీకర్లూ, టర్న్‌టేబులూ దాని మీదే చేరాయి. నాన్నగారికి ఎనభై దాటాయి, వినికిడి బాగా తగ్గింది. ఆయన రికార్డులు ఆయన వినాలంటే వాల్యూమ్ పెంచాలి. సగం దాటగానే గదంతా బొయ్యిమని ఒకటే హోరు. స్పీకర్ కంపనం ప్లైవుడ్ గుండా సూదికి చేరి, మళ్ళీ స్పీకర్లోకి, మళ్ళీ సూదికి.. ఆపే షరతు రాయని లూప్ అన్నమాట. అదేమీ వినపడని నాన్నగారు, "ఇంకొంచెం పెంచరా" అంటారు.

ఏ బగ్గునైనా ముందు రిప్రొడ్యూస్ చెయ్యాలి కదా. మోటారు ఆపేసి, కదలని రికార్డు మీద సూది దించండి. వాల్యూమ్ మెల్లగా, జాగ్రత్తగా మామూలుగా వినే స్థాయికి తెచ్చి బల్ల మీద వేలితో కొట్టండి. స్పీకర్లో ఏది వినపడితే అది మీ బల్ల లోపలికి రానిస్తోందని అర్థం. నేను ఇంకో అడుగు వేశాను. ఫోనో ప్రీఆంప్ వేరే డబ్బాగా ఉంది కాబట్టి దాని వైరు ల్యాప్‌టాప్‌కి పెట్టి, స్పీకర్లలో మొబైల్ నుంచి పాట వేశాను. రికార్డు తిరగడం లేదు, అయినా రికార్డింగ్‌లో మృదంగం స్పష్టంగా ఉంది! ఇక చెవుల మీద, షోరూం వాళ్ళ మాటల మీద ఆధారపడక్కర్లేదు. ఏం మార్చినా మళ్ళీ అదే పాట, అదే వాల్యూమ్, అదే కొలత.

మొదట అందరూ చెప్పే స్పైకులు. ఈ సలహా ఎక్కువగా చెక్క నేలల దేశాల నుంచి వచ్చింది. అక్కడ స్పైకు కార్పెట్‌ని దాటి కింది చెక్కని పట్టుకుంటుంది, స్టాండు ఊగదు. మనది ఆర్సీసీ స్లాబు, పైన టైల్స్. స్పైకు టైలుని గీకడం తప్ప పెద్దగా చేసేదేం లేదు. న్యూజెర్సీలో మా మిత్రుడి ఇంట్లో మేడమీద పిల్లాడు పరిగెడితే సూది ఎగిరి రెండు గాళ్ళ అవతల పడుతుంది. మా ఇంట్లో ఎంత గెంతినా చలించదు. అతని శత్రువు అడుగుల చప్పుడు, నా శత్రువు నా స్పీకరే. ఒకే మందు ఇద్దరికీ ఎలా పనిచేస్తుంది చెప్పండి?

తర్వాత మెత్తటివి. ఇక్కడ కాస్త ఇంటర్ ఫిజిక్స్ గుర్తు చేసుకోవాలి. ఏ స్ప్రింగైనా, ఏ రబ్బరు కాలైనా తన సహజ పౌనఃపున్యానికి దాదాపు 1.4 రెట్లు దాటిన కంపనాల్నే తగ్గిస్తుంది. దానికి దగ్గర్లో ఉన్నవాటిని ఇంకా పెంచుతుంది. టోన్‌ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసి మామూలుగా 8 నుంచి 12 హెర్ట్జ్ దగ్గర ఊగుతాయి. గట్టి రబ్బరు ముక్క మీద తేలిక ప్లేయర్ పెడితే అదీ ఆ చుట్టుపక్కలే ఊగొచ్చు, అప్పుడు ఉన్న రోగం ముదురుతుంది. పిల్లల సైకిల్ ట్యూబులో కొంచెమే గాలి కొట్టి, దాని మీద 13 కిలోల గ్రానైట్ పలక (వంటగట్టులో సింకు కోసం కోయగా మిగిలింది), ఆపైన ప్లేయర్ పెట్టాను. బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ గాలి దిగిపోతుంది, వారం వారం రసమట్టం పట్టుకుని కూర్చోవాలి. ఆర్మ్ మట్టంగా లేకపోతే సూది ఒక పక్కకి లాగుతుంది మరి.

చివరికి పనికొచ్చింది మన పాత ఇళ్ళ పద్ధతే. రేడియో కోసం గోడకి చెక్క బిగించి, దాని మీద అల్లిన గుడ్డ పరిచేవారు, గుర్తుందా? పిల్లలకి అందకూడదని అలా పెట్టేవారు కాబోలు. కానీ మందపాటి ఇటుక గోడంత కదలని చోటు ఇంట్లో ఇంకోటి లేదు. స్ప్రింగుల మీద తేలే లిన్ సోండెక్ ఎల్‌పీ12 లాంటి ప్లేయర్లు 1970ల నుంచీ ఉన్నాయి, వాటి యజమానులు కూడా చెక్క నేల ఉంటే గోడ అరే వెతుక్కుంటారు. వెల్డింగ్ షాపులో ఎల్ యాంగిల్‌తో రెండు బ్రాకెట్లు చేయించి, స్పీకర్లకి దూరంగా తొమ్మిదంగుళాల బయటి గోడకి యాంకర్ బోల్టులతో బిగించాం. వాటి మీద అదే గ్రానైట్ పలక, అది గలగలమనకుండా కింద నాలుగు రబ్బరు బిళ్ళలు. మొత్తం 2,600 రూపాయలు. మళ్ళీ కొలిస్తే మృదంగం 18 డెసిబెల్స్ తగ్గింది, అంటే ఎనిమిదో వంతు. హోరు పోయింది.

కొత్త ఫ్లాట్లలో మాత్రం గోడలు తేలికపాటి బ్లాకులతో కడుతున్నారు, మామూలు రావల్ ప్లగ్గులు వాటిలో నిలవవు. పిల్లరో బీమో చూసుకుని అక్కడ బిగించండి. గది మూల మాత్రం వద్దు, బాస్ అంతా అక్కడే పోగవుతుంది. అద్దె ఇల్లయితే, 2018లో హైదరాబాదులో తెరిచిన ఐకియాలో లాక్ అనే చిన్న బల్ల దొరుకుతుంది. లోపల అట్ట తేనెపట్టు, చేత్తో ఎత్తేయొచ్చు. సిమెంటు నేల మీద, స్పీకర్లకి దూరంగా పెడితే తేలిక ప్లేయర్‌కి అది చాలు. కిరాణా కొట్టు స్లాటెడ్ యాంగిల్ రాక్ జోలికి పోకండి, ప్రతి బోల్టూ తన పాట తను పాడుతుంది.

స్పీకర్లకి తర్వాత ఇనుప స్టాండ్లు చేయించాను, ట్వీటర్ కూర్చున్నవాడి చెవి ఎత్తుకి వచ్చేలా, గొట్టాల్లో ఎండిన ఇసుక నింపి. ఆంప్లిఫయర్ మాత్రం ఆ ప్లైవుడ్ యూనిట్ మీదే ఉంది. మే నెలలో వేడెక్కకుండా చుట్టూ, పైనా నాలుగంగుళాలు ఖాళీ ఉంచాం, అంతే. నాన్నగారు ఇప్పుడు వాల్యూమ్ ముప్పావు దాకా పెట్టిస్తున్నారు. పక్క ఫ్లాటు వాళ్ళు నిన్న బెల్లు కొట్టారు..