ఇద్దరు చాలు

తాగుడు మానాలనుకున్న మనిషికి కావలసింది నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక గది, అందులో తనలాంటివాళ్లు. కోరాపుట్–రాయగడ రైలు దారిలోని లక్ష్మీపూర్‌లో దాన్ని వెతుక్కోవడమే కష్టం. జిల్లా కేంద్రానికి పోయి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. వారం వారం ఎవరు పోగలరు? తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో మొదలైంది ఇద్దరితోనే: ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్. రుసుము లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. కాబట్టి అలాంటి సమావేశం దొరకని చోట దాన్ని మొదలుపెట్టవచ్చు. బడి వదిలాక ఖాళీగా ఉండే గది, నాలుగు కుర్చీలు, ఫ్లాస్కులో టీ. తెలుగో, ఒడియానో, కువినో, నోటికొచ్చిన భాష.

చిన్న ఊళ్లో గుట్టు దాగదంటారు. నిజమే, కానీ తాగేదెవరో ఊరికి ముందే తెలుసు. మానడానికి పెనుగులాడుతున్నదెవరో తెలియదు. జీలుగు కల్లు, ఇప్పసారా లేని పండగ ఉంటుందా అనీ అడుగుతారు. ఆ బృందం ఊరిని మానమనదు, వచ్చినవాడికి తోడుంటుంది, అంతే. మాటలతో నయమవుతుందా అన్న సందేహం మాత్రం గట్టిది. 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషులను పరిశీలించిన 2020 నాటి కోక్రేన్ వైద్య పరిశోధన సమీక్షలో, పూర్తిగా మానేసి ఉండటంలో ఆల్కహాలిక్స్ అనానిమస్ పద్ధతి ఇతర చికిత్సలకు తీసిపోలేదు, కొన్నిచోట్ల మించింది కూడా. అయినా ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అతను ముందు ఆసుపత్రికి వెళ్లాలి. దారి తెలియకపోతే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయాలి. ఆ తర్వాతే ఆ గది, ఆ కుర్చీ.