ఆండ్రాయిడులో బాహాటమెంత, మరుగెంత?

మా కళాశాలలో కంప్యూటరు శాస్త్రం అభ్యసించే విద్యార్థులు ఆండ్రాయిడు ప్రస్తావన వచ్చినప్పుడల్లా "అది ఓపెన్ సోర్సు కదండీ" అని ఒక్క మాటతో తేల్చివేస్తుంటారు. తెలుగు బోధించుకొనే మాకు ఆ 'ఓపెన్' అనే మాట మీద ఆసక్తి కలిగినది. నిఘంటువులో ఒక అర్థం, ఆచరణలో వేరొక అర్థం గల మాటలతోనే కదా మా బ్రతుకు!

ఆ మాటలో అసత్యమేమీ లేదు. గూగుల్ సంస్థ 2005లో కొనుగోలు చేసి, 2007 నవంబరులో లోకానికి ప్రకటించిన ఈ వ్యవస్థకు లినక్స్ కెర్నెల్ పునాది. 2008 నుండి దాని సోర్సు కోడు అపాచీ లైసెన్సు క్రింద అందరికీ లభిస్తున్నది. దానిని ఎవరైనను మార్చుకొని వాడుకొనవచ్చును. అమెజాన్ సంస్థ తన ఫైర్ టాబ్లెట్లకు అటులే చేసినది.

అయితే ఆ కోడు ఒక్కటే ఫోను కాదు. ప్లే స్టోరు, మ్యాపులు, లోలోపల పనిచేసే మరికొన్ని సేవలు గూగుల్ సొంత ఆస్తి. అవి కావలసిన తయారీదారు ఒప్పందానికి లోబడవలెను. అనుమతి లేని ఆండ్రాయిడు రూపాంతరాలతో మరే ఫోనునూ అమ్మరాదన్నది ఆ ఒప్పందాలలో చాలకాలమున్న షరతు. 2012లో ఏసర్ సంస్థ చైనా వారి అలీయున్ వ్యవస్థతో ఫోను విడుదల చేయబోయి, గూగుల్ అభ్యంతరం వలన చివరి క్షణాన విరమించుకొన్నది. ఇటువంటి షరతుల మీదనే యూరోపియన్ కమిషన్ 2018లో 434 కోట్ల యూరోల జరిమానా విధించగా, 2022లో అక్కడి న్యాయస్థానం దానిని 412.5 కోట్లకు తగ్గించి, తీర్పును చాలవరకు నిలబెట్టినది. మన కాంపిటీషన్ కమిషన్ కూడ 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయలు విధించినది. 2025లో గూగుల్ తన నిర్మాణకార్యాన్నంతా లోపలికి మార్చుకొని, పని ముగిసిన పిదపనే కోడు వెలువరించే పద్ధతి చేపట్టినది. ఇల్లు కట్టేటప్పుడు చూడనీయక గృహప్రవేశానికి మాత్రం పిలిచినట్లు!

పెద్ద సంస్థల తగవులు మనకేల అని విద్యార్థులు అడుగవచ్చును. మాకు ఉర్దూ వ్రాత దగ్గర ఈ ప్రశ్న స్వయంగా ఎదురయినది. ఉర్దూ పాఠకునికి నస్తాలీక్ వ్రాతయే అలవాటు. మా ఫోను మాత్రం సందేశాలన్నిటినీ నస్ఖ్ వ్రాతలో చూపుతుంది. మా అమ్మీజాన్ వాటిని చూచి "ఇది ఉర్దూయా, అరబ్బీయా?" అని ఫోను ప్రక్కన పెట్టివేస్తారు. నస్తాలీక్ ఫాంటులేమో ఉచితంగానే దొరుకుతున్నవి. గూగుల్ వారే ఒకటి తయారుచేయించి స్వేచ్ఛగా విడిచినారు. కాని వ్యవస్థలోని ఫాంటులను మార్చే అధికారం ఫోను కొన్న మాకు లేదు. తయారీదారు ఇచ్చిన పట్టికలో అది లేదు. బూట్‌లోడరు తాళం తీసిననే సాధ్యమట. తీస్తే లోపలి సమాచారమంతా చెరిగిపోతుంది. కొందరు తయారీదారులు తీయనే తీయనీయరు. మూడు పంక్తుల ఉర్దూ చదువుటకు ఇంత అగచాటు ఉండరాదని మా అభిప్రాయం.

ఇటీవల మా విద్యార్థి ఒకడు పాత ఫోనులో లీనేజ్ ఓఎస్ ఎక్కించి, నస్తాలీక్ ఫాంటు చేర్చి, తెచ్చి చూపినాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నవి. అమ్మీజాన్ చాలసేపు చదువుకొన్నారు. అందులో బ్యాంకు యాప్ మాత్రం తెరుచుకొనలేదు.