ఈక ఎరకు ఊదా వెలుతురు
ఈ ఆదివారం చాగలమర్రిలో ఇంట్లోనే యూవీ లైటు చేసుకున్నా. పాత అల్యూమినియం టార్చి, 395 నానోమీటర్ల 3 వాట్ల ఎల్ఈడీ, 18650 బ్యాటరీ, 2 ఓమ్‌ల రెసిస్టర్. అంతే.

గాలం ముల్లుకు నాటుకోడి ఈకను దారంతో చుట్టి, ముడి మీద యూవీ జిగురు బొట్టు పెట్టి లైటు వేశా. పది లెక్కపెట్టేలోగా గాజులా గట్టిపడింది! సెల్ షాపుల్లో ఫోన్ గ్లాసు అంటించేదీ ఇలాగే. ఆ కాంతి తగిలితే జిగురులోని అణువులు గొలుసు కట్టేస్తాయి. ఎండకూ గట్టిపడుతుంది కాబట్టి సీసా చీకట్లోనే ఉంచాలి.

ఒక్క మాట. ఆ వెలుతురును నేరుగా చూడొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

ఈ తొలి ఎర కుందూ నదిలో వేసేది మా నాన్నే. నాకు గాలం పట్టడం నేర్పింది ఆయనే కదా.