అయిదో తరగతి లెక్క

మాది కిష్టారం దగ్గర చిన్న పల్లె. ఇప్పుడది సుక్మా జిల్లా, 2012 దాకా దంతెవాడ. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నా మా దోర్లల ఇళ్లలో తెలుగు వినపడుతుంది. జ్వరమొస్తే మావాళ్లు చర్ల, భద్రాచలం దారే పడతారు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు ఖాళీ అయ్యాయి. మరుసటి ఏడు మా అయ్య మమ్మల్ని చర్ల మండలానికి తీసుకొచ్చేశాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. రెండేళ్లు మిర్చి ఏరాను. ఆ తర్వాత వయసు చూసి నేరుగా ఆరో తరగతిలో కూర్చోబెట్టారు.

2015లో భద్రాచలంలో బైపీసీ పూర్తిచేశాను. వెయ్యికి 548 మార్కులు. ఫిజిక్స్‌లో రెండేళ్లూ 60కి 21. పాసవడానికి ఎన్ని కావాలో అన్నే. అప్పట్లో ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. అంటే పరీక్ష బాగా రాసినా మెమో వెనక్కి లాగుతుంది. నేను పరీక్షా బాగా రాయలేదు. కాంపౌండర్ పనైనా దొరుకుతుందేమో చూడమన్నాడు ఓ బంధువు.

లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు డబ్బుల్లేవు. తెలిసిన లెక్చరర్ ఒకాయన దగ్గరికెళితే చిన్న లెక్క ఇచ్చారు. చేసి చూపించాను.

"సూత్రం సరిగ్గానే రాశావు. భాగహారం దగ్గర పోయింది. అయిదో తరగతి ఎక్కడ చదివావురా?"

"చదవలేదు సార్."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. మర్నాడు అయిదో తరగతి గణితం పుస్తకం చేతికిచ్చారు. పద్దెనిమిదేళ్లవాణ్ణి, దాన్ని జువాలజీ పుస్తకంలో దాచుకుని చదివాను. భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తులు... నాలుగు నెలలు పట్టింది. కోచింగ్‌లో చేరి ఉంటే మళ్లీ ఇంటర్ పాఠాలే చెప్పేవారు, నేను మళ్లీ అక్కడే పడేవాణ్ణి.

నా అదృష్టం కొద్దీ ఈలోగా నిబంధనలు మారాయి. 2017 నుంచి మెడికల్ సీట్లకు నీటే దిక్కయింది. అందులో ఇంటర్ మార్కులు అర్హత వరకే, ర్యాంకులో కలవవు. 2016లో ఇంగ్లిష్, హిందీల్లోనే పెట్టిన పరీక్షను ఆ ఏడు తెలుగులోనూ పెట్టారు. తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది కాబట్టి ఫిజిక్స్‌లో 45 ప్రశ్నలకు 26 రాసి తక్కినవి వదిలేశాను. వదిలెయ్యడం కూడా సార్ నేర్పిందే.

కుల ధ్రువపత్రం కోసం అయ్య, నేను కోంటా తహశీలు చుట్టూ తిరిగాం. సొంత రాష్ట్రం ఎస్టీ కోటాలో జగదల్‌పూర్‌లో సీటొచ్చింది. కోటా లేకుంటే వచ్చేది కాదు, ఆ మాట దాచను. భిన్నాలు రాకుంటే కోటా ఉన్నా వచ్చేది కాదు.

ఇప్పుడు జ్వరంతో పిల్లాణ్ణి తీసుకొస్తే ముందు తూకం వేయిస్తాను. పదకొండు కిలోలు. కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున పారాసిటమాల్, సిరప్ అయిదు మిల్లీలీటర్లలో 125. ఎంత పోయాలో నర్సమ్మ నోటిలెక్కతో చెప్పేస్తుంది. నేను మాత్రం కాగితం తీసి, భిన్నం వేసి, కొట్టేసి, మరోసారి చూసుకుని అప్పుడు చీటీ రాస్తాను.