బెలూం గుహల్లో పగుళ్లు చెప్పిన కథ

మెట్లు దిగుతుండగానే ఫోన్‌లో సిగ్నల్ పోయింది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరున్న బెలూం గుహలివి. పొడవు 3,229 మీటర్లు. పైన మండే ఎండ, లోపల ఒళ్లంతా చెమట.

సెల్ఫీలు దిగుతూ నడుస్తుంటే ఒకటి గమనించా. కొన్ని దారులు తిన్నగా వెళ్లి, ఠక్కున మలుపు తిరుగుతున్నాయి. ఎందుకలా?

ఇదంతా సున్నపురాయి. గట్టి రాయిలోంచి నీరు పెద్దగా పారదు, పగులు కావాలి. ఆ పగుళ్లు వచ్చేది భూమి పొరల్లోని ఒత్తిడి వల్లే. ఒత్తిడి అడ్డంగా నొక్కిన పగులు బిగుసుకుంటుంది. ఒత్తిడి దిశలోనే ఉన్నది కాస్త తెరుచుకుని ఉంటుంది. నీరు దాన్నే ఎంచుకుంటుంది. పగులు వెడల్పు రెట్టింపైతే పారే నీరు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది! పైగా వాననీటిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్ సున్నపురాయిని మెల్లగా కరిగిస్తుంది. లక్షల ఏళ్లలో వెంట్రుకంత సందు మనం నడిచే దారైపోయింది.

చివరికి పాతాళగంగ చేరా. గుహలో అన్నిటికన్నా లోతైన చోటు. సన్నటి నీటిపాయ కాసేపు కనిపించి, మళ్లీ రాతిలోకి మాయం.

నా చేతిలో సగం తాగిన కూల్‌డ్రింక్ ఉంది. మిగిలింది అక్కడే పారబోద్దామనుకున్నా. ఆగిపోయా. ఇసుకనేల నీటిని వడగడుతుంది, వెడల్పాటి పగులు వడగట్టదు. ఇక్కడ పోసింది ఏ ఊరి బావిలో తేలుతుందో!

మూత బిగించి, బాటిల్ పైకి తెచ్చేశా. మీరు వెళ్లినా అంతే చేయండి.