వాడ నుంచి – 17: ఏం దారంతో కుట్టినారు?

మా అక్క పొత్తికడుపు మీద అడ్డంగా ఒక గీత ఉంటుంది. మధ్యలో రెండు వేళ్ళ వెడల్పున అది గీతలా ఉండదు, ముడుచుకుపోయిన తోలులా ఉంటుంది. ఈరోజు ఆ రెండు వేళ్ళ చోటు గురించి రాస్తున్నాను.

మాది గుమ్మఘట్ట మండలంలో ఒక ఊరు. బైరవానితిప్ప ప్రాజెక్టు మా మండలంలోనే ఉంది. అందులో నీళ్ళు లేని ఏళ్ళే మాకు ఎక్కువ గుర్తు. అక్క ఎనిమిదో నెల దాకా శెనక్కాయ చేలల్లో కలుపు తీసింది. రక్తం తక్కువని కార్డు మీద రాసే ఉంది. నొప్పులు సాగీ సాగీ, బిడ్డ గుండె తగ్గుతోందని సర్కారు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఇద్దరూ బతికారు. అందుకు ఆ డాక్టరమ్మకు ఇప్పటికీ దండం పెడతాను.

మా నాయన చెప్పులు కుట్టేవాడు. అక్కను వార్డుకు తెచ్చినాక ఆయన నర్సమ్మను ఒక్కటే అడిగాడు: "ఏం దారంతో కుట్టినారమ్మా?"

"నీకెందుకు తాతా, అదేమన్నా చెప్పా?" అందామె. వార్డంతా నవ్వింది. అనంతపురంలో డిగ్రీ చదువుతున్న నాకు సిగ్గేసింది. నాయన ఊరుకుంటే బాగుండు అనుకున్నా.

నాలుగో రోజు ఇంటికి పంపారు. చీటీలో ఇంగ్లీషులో 'ఎస్.ఆర్.' అని రెండక్షరాలు, పక్కన తేదీ. కుట్లు తీయించుకోవడానికి రమ్మని దాని అర్థం. నోటితో ఎవరూ చెప్పలేదు. నేను హాస్టల్‌కు పోయాను, ఇంట్లో చదివేవాళ్ళు లేరు. "కుట్లు అవే కరిగిపోతాయి, నావి కరగలేదా?" అంది పక్కింటామె. పన్నెండో రోజుకు మంట మొదలైంది. ఊళ్ళో ఆర్.ఎం.పి. బ్లేడుతో కోసి దారాలు లాగాడు. ఒక ముక్క లోపలే ఉండిపోయింది. చీము పట్టి, కుట్టు మధ్యలో విచ్చుకుంది.

మళ్ళీ ఆసుపత్రికి పోతే డ్రెస్సింగ్ గదిలో విన్న మాట: "మీవాళ్ళు శుభ్రంగా ఉండరు."

అక్క తల వంచుకుంది. నేనూ వంచుకున్నాను.

ఆరోగ్య హక్కుల పనిలోకి వచ్చాక నాయన ప్రశ్నకు జవాబు వెతికాను. సిజేరియన్ తర్వాత పై చర్మాన్ని ముఖ్యంగా మూడు రకాలుగా మూస్తారు. ఒకటి, నైలాన్ లాంటి దారంతో బయటికి కనబడే కుట్లు. వీటిని వారం పది రోజుల్లో తీయాలి. రెండు, స్టేప్లర్ పిన్నులు. నిమిషాల్లో పని అయిపోతుంది, కానీ వాటినీ తీయాలి. మూడు, చర్మం కింద నుంచే పోయే కుట్టు. అది కరిగే దారమైతే తీసే పని లేదు, వేయడానికి మాత్రం కాస్త ఎక్కువ సేపు పడుతుంది.

2014లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో 746 మంది తల్లులను చూశారు. పిన్నులు వేసినవాళ్ళలో 10.6 శాతం మందికి గాయం ఇబ్బంది పెట్టింది, చర్మం కింద కుట్టు వేసినవాళ్ళలో 4.9 శాతం మందికే. బ్రిటన్‌లోని నైస్ సంస్థ కూడా 2021లో, గాయం విచ్చుకోకుండా ఉండాలంటే పిన్నుల కన్నా కుట్ల వైపు మొగ్గమని డాక్టర్లకు చెప్పింది.

బయటి కుట్టు తప్పని నేను అనడం లేదు. చీము పడితే ఒక్క కుట్టు తీసి దాన్ని బయటికి పంపొచ్చు, అందుకే కొందరు డాక్టర్లు దాన్నే నమ్ముతారు. కానీ ఆ కుట్టు ఒక షరతు పెడుతుంది: ఈ మనిషి మళ్ళీ రాగలగాలి. బస్సు ఛార్జీ, తోడు మనిషి, పోయే కూలి, చీటీ చదివే కళ్ళు ఉండాలి. మా అక్కకు ఇవేవీ లేవు. కులం చూసి దారం ఎంచారని కూడా నేను అనను. అడిగే నోరు ఉన్నవాళ్ళకు జవాబు దొరుకుతుంది. మా నాయన అడిగితే నవ్వు దొరికింది.

తోలుకు ఏ దారం పట్టు ఇస్తుందో, ఏది కొరుక్కుపోతుందో ఆరె పట్టిన చేతికి తెలుసు. చాలాకాలం గర్భసంచిని కుట్టిన క్యాట్‌గట్ గొర్రెల, పశువుల పేగుల నుంచి తీసిందే. పేగును, తోలును ముట్టినవాళ్ళను ఊరి బయట ఉంచిన కులాల కడుపుల్లోనూ అదే దారం ఉండేది.

ఇది మా ఇంటి కథే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే, తెలంగాణలో 60.7. మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత. రక్తం లేని ఒంట్లో గాయం తొందరగా మానదు. దాన్ని 'శుభ్రత' అని పిలవకండి.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును బలపరుస్తూ అంబేడ్కర్, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి కావాలన్నారు. 2017 సవరణతో ఉద్యోగినులకు 26 వారాల సెలవు వచ్చింది. కలుపు తీసే కూలికి ఆ సెలవు లేదు. అక్క నెల తిరక్కుండానే బిందె ఎత్తింది.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, వాడలో ఎవరికైనా సిజేరియన్ అయితే మీరు వార్డులో ఉండండి. మూడు అడగండి: ఏం దారంతో కుట్టారు? తీయాలా, కరుగుతుందా? తీయాలంటే ఏ రోజు, ఎవరు తీస్తారు? జవాబును తెలుగులో రాసి ఇంట్లో పెట్టండి. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సర్కారు ఆసుపత్రిలో ఆపరేషన్, మందులు, సామాన్లు, ఏడు రోజుల దాకా భోజనం, ఇంటికి చేర్చే బండి ఉచితం. దారం బయట కొనుక్కు రమ్మంటే ఈ మాట గుర్తుచేయండి.

నాయన ఇప్పుడు లేడు. ఆ రోజు ఆ వార్డులో అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆయనొక్కడే. నేను ఆయన పక్కన నిలబడి మళ్ళీ అడిగి ఉండాల్సింది.

జై భీమ్.
(ఇంకా ఉంది)